రోజులు సరే, మిల్లీమీటర్లు?

మా ల్యాబ్‌లో అందరం రోజులు లెక్కపెట్టేవాళ్లమే. "నీది ఎన్ని రోజులొచ్చింది?" అంటే చాలు, ఇంకేం విడమరచి చెప్పక్కర్లేదు. ఒక్క ఇంజెక్షన్‌తో మందు నెల రోజులు వస్తోందా, మూడు నెలలు వస్తోందా అన్నదే మా బతుకు. ఒంట్లో దానంతటదే కరిగిపోయే పాలిమర్‌లో మందు కలిపి, కంటికి ఉత్త పొడిగా కనిపించే సన్నటి గుండ్రటి కణాలు చేస్తాం. వాటిని ఫాస్ఫేట్ బఫర్‌లో వేసి, 37 డిగ్రీల వేడిలో, ఊగే నీళ్లతొట్టిలో పెడతాం. మధ్యమధ్య కాస్త బఫర్ తీసి హెచ్‌పీఎల్‌సీలో ఎక్కిస్తే ఎంత మందు బయటికొచ్చిందో తెలుస్తుంది. ఆ చుక్కలన్నీ కలిపితే ఒక గీత. మొదటిరోజే మందు బొళ్లున బయటపడిపోతే దాన్ని బర్స్ట్ అంటాం. ఆ మాట వింటేనే మా మేనేజర్ మొహం మాడిపోతుంది. బర్స్ట్ లేకుండా గీత నింపాదిగా పైకి పాకిందంటే ఆ సాయంత్రం అందరికీ సమోసాలు.

ఆ గ్రాఫులో అడ్డంగా రోజులుంటాయి, నిలువుగా శాతాలుంటాయి. దూరం ఎక్కడా ఉండదు. ఆ సంగతి నా తలకెక్కించినవాడు మా బాబాయి.

బాబాయి తెనాలిలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలినప్పటి నుంచి మూడు నెలలకోసారి బొడ్డు కిందగా, చర్మం లోపలికి, లావుపాటి సూదితో ఒక తెల్లటి చిన్న కడ్డీ దించుతున్నారు. మందు పేరు గోసెరెలిన్, కడ్డీలో ఉండేది 10.8 మిల్లీగ్రాములు. నేను చేసే పనికి దగ్గరి చుట్టమే అది. పండక్కి వెళ్లినప్పుడు చొక్కా పైకెత్తి పొట్ట మీద మచ్చ చూపించాడు.

"రోగం అక్కడ, సూది ఇక్కడ. ఇదేం లెక్కమ్మా?"

"ఆ కడ్డీ ఎక్కడున్నా ఒకటే బాబాయ్. అందులో మందు రక్తంలో కలిస్తే చాలు. అది చేరాల్సింది ప్రోస్టేట్‌కి కూడా కాదు, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథికి."

"పొట్టలో పెడితే అంత దూరం పోతుందీ! మరి మెదడులో గడ్డ తీసేసి ఆ గుంటలోనే మందు బిళ్ళలు పరుస్తారని పేపర్లో రాశాడే. వాటిని కూడా పొట్టలోనే పెట్టుకోవచ్చుగా?"

"లేదు, వాటికి చోటే ముఖ్యం."

"చోటంటే? బిళ్ళ నుంచి ఎంత దూరం దాకా?"

జవాబులో అంకె లేకపోతే ఆయన దృష్టిలో అది జవాబే కాదు. ఆ బిళ్ళ ఎన్నాళ్లు పనిచేస్తుందో తడుముకోకుండా చెప్పగలను. దూరం సంగతి మాత్రం చదివి చెప్తానన్నాను. చదువుతూ పోయినకొద్దీ ఒకటి తేటపడింది. పాలిమర్ చేతిలో ఉండేది కాలం. దూరం దాని చేతిలో లేదు. ఒక జబ్బులో మా గీతలు ఎందుకంత ఘనంగా గెలిచాయో, ఇంకో జబ్బులో అంతే చక్కటి గీత ఎందుకంత కొద్దిగా గెలిచిందో ఈ ఒక్క తేడాతో అర్థమవుతుంది.

ముందు బాబాయి కడ్డీ సంగతి. మెదడులోని హైపోథాలమస్ నుంచి పిట్యూటరీకి ఒక హార్మోను విడతలు విడతలుగా వస్తుంటుంది, గంటకో గంటన్నరకో ఒక విడత. ఆ విడతలు అందినంత కాలం వృషణాల్లో టెస్టోస్టిరాన్ తయారవుతుంది, దాన్ని తిని ప్రోస్టేట్‌లో గడ్డ పెరుగుతుంది. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఎర్న్‌స్ట్ నోబిల్ బృందం 1978లో రీసస్ కోతుల్లో ఒక విచిత్రం చూపించింది. అదే హార్మోనును విడతలుగా కాక ఎడతెరిపి లేకుండా ఎక్కిస్తే పిట్యూటరీ మొండికేసింది, పలకడం మానేసింది. గోసెరెలిన్, ల్యుప్రోలైడ్ లాంటి మందుల కిటుకంతా ఇదే. మొదటి వారంలో టెస్టోస్టిరాన్ కాస్త పెరుగుతుంది కూడా. అందుకే డాక్టర్లు ఆ కొన్నాళ్లకు అడ్డుగా వేరే మాత్రలు రాస్తారు. మూడు నాలుగు వారాలు తిరిగేసరికి, వృషణాలు తీసేసిన మనిషిలో ఎంత ఉంటుందో అంతకు పడిపోతుంది.

అంటే ఎడం లేకుండా అందుతూ ఉండటమే ఇక్కడ సగం వైద్యం. 1985లో ల్యుప్రోలైడ్‌కు అమెరికాలో అనుమతి వచ్చినప్పుడు రోజూ సూది పొడుచుకోవాల్సి వచ్చేది. జపాన్ కంపెనీ టకేడా దాన్ని పాలిమర్ కణాల్లో బిగించింది. 1989 నుంచి నెలకొక్క సూది. పిట్యూటరీకి రక్తం నేరుగా అందుతుంది కాబట్టి మందును మోసుకెళ్లే బాధ్యత గుండెది. కడ్డీ చేయాల్సిందల్లా సమయం పాటించడం. మా రంగం గర్వంగా చెప్పుకునే విజయాల్లో దీనికి ముందుపీట వేస్తారు, న్యాయమే. కానీ దూరం అనే పరీక్షే లేని చోట దొరికిన విజయమది.

ఆ పాలిమర్‌ది తమాషా పుట్టుక. లాక్టిక్, గ్లైకోలిక్ ఆమ్లాల అణువులను గొలుసుగా అల్లితే వచ్చేదే మేం వాడే పీఎల్‌జీఏ. నీళ్లు తగిలితే గొలుసు తెగుతుంది. తెగగా మిగిలే ఆమ్లాలు ఒంటికి కొత్తవి కావు. 1930 ప్రాంతంలో డూపాంట్‌లో వాలెస్ కరొదర్స్ బృందం ఇలాంటి గొలుసులతో బట్టల దారం తీయాలని చూసింది. తేమకు ఆగకపోయేసరికి వదిలేసి నైలాన్ వైపు వెళ్లిపోయింది. నీళ్లకు ఆగని ఆ గుణమే తర్వాత సర్జన్లకు పనికొచ్చింది. 1970 ప్రాంతంలో డేవిస్ అండ్ గెక్ అనే కంపెనీ పాలీగ్లైకోలిక్ ఆమ్లంతో, విప్పక్కర్లేకుండా కరిగిపోయే కుట్ల దారం అమ్మింది. ఆ కంపెనీ అమెరికన్ సైనమిడ్‌ది. మన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన నడిపిన లెడర్లీ కూడా సైనమిడ్‌దే. ఈ కుట్ల దారం వచ్చేనాటికి ఆయన పోయి ఇరవై ఏళ్లు దాటిందనుకోండి. అయినా భీమవరంలో పుట్టిన మనిషి పేరు ఈ కథలో రెండు చోట్ల తగలడం నాకు ముచ్చటగా ఉంటుంది.

రెండో చోటు ఇదీ. 1947, 48ల్లో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చిన ఆమినోప్టెరిన్ సుబ్బారావు బృందం దగ్గరి నుంచి వెళ్లిందే. కొంతమంది పిల్లల్లో, కొన్నాళ్లకే అయినా, జబ్బు వెనక్కి తగ్గింది. లుకేమియా రక్తమంతా ఉండే జబ్బు. మందు కూడా రక్తమంతా తిరగాలి, తిరిగింది. ఇరవై ఆరేళ్ల తర్వాత, 1974లో, అదే ఆసుపత్రిలో జూడా ఫోక్‌మన్ ల్యాబ్‌లో రాబర్ట్ లాంగర్ అనే కుర్ర కెమికల్ ఇంజనీర్ చేరాడు. చమురు కంపెనీల ఉద్యోగాలు కాదనుకుని వచ్చినవాడు. పెద్ద అణువులు పాలిమర్‌లోంచి మెల్లగా బయటికి రావడం కుదరదని అంతా అనుకునే రోజుల్లో, కుదురుతుందని ఫోక్‌మన్‌తో కలిసి 1976లో చూపించాడు. మొదట్లో రాసుకున్న తొమ్మిది గ్రాంటు దరఖాస్తులు వరసగా తిరిగొచ్చాయని ఆయనే చెప్పుకుంటాడు.

తర్వాతి రోజుల్లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ న్యూరోసర్జన్ హెన్రీ బ్రెమ్‌తో కలిసి లాంగర్ తెచ్చినవే బాబాయి పేపర్లో చదివిన బిళ్ళలు. పేరు గ్లియాడెల్. ఒక్కో బిళ్ళ వ్యాసం 14.5 మిల్లీమీటర్లు, మందం ఒక మిల్లీమీటరు, బరువు 200 మిల్లీగ్రాములు. అందులో మందు 7.7 మిల్లీగ్రాములే, మిగతాదంతా పాలిమర్. మందు కార్ముస్టిన్, పాత మందే. రక్తంలోకి ఎక్కిస్తే సగం పాడైపోవడానికి గంట కూడా పట్టదు. ఆ కాస్త వ్యవధిలో మెదడుకు కావాల్సినంత చేరాలంటే ఒళ్లంతా తడిసేంత ఇవ్వాలి. ఎముక మజ్జ దెబ్బతింటుంది, మోతాదు పేరుకునేకొద్దీ ఊపిరితిత్తులు గట్టిపడతాయి. అదే మందును గడ్డ తీసిన గుంట గోడలకు ఎనిమిది బిళ్ళల దాకా పరిస్తే మొత్తం 61.6 మిల్లీగ్రాములు. పైగా పాలిమర్ లోపల ఉన్నంత సేపూ మందుకు నీళ్లు తగలవు కాబట్టి పాడవదు.

ఈ పాలిమర్ విషయంలో లాంగర్ మనుషులు పడ్డ శ్రమ చూస్తే నాకు వృత్తిపరంగా అసూయ. మా పీఎల్‌జీఏలోకి నీళ్లు లోపలిదాకా చొరబడతాయి. తెగిన ఆమ్లం లోపలే చిక్కుకుని మిగతా గొలుసులను ఇంకా తొందరగా తెంపుతుంది. పైన బాగానే ఉన్నట్టుండి లోపల డొల్లవుతుందని ఫ్రాన్స్‌లో మిషెల్ వెర్ట్ బృందం చూపించింది. మెదడులో అలాంటి దాన్ని నమ్మలేం, ఒకరోజు ఉన్నట్టుండి మందంతా కుమ్మరిస్తే దిక్కెవరు? వాళ్లకు నోట్లో పటికబెల్లం ముక్క కరిగినట్టు పైపొర తర్వాత పైపొరగా అరిగేది కావాలి. అందుకోసం పాలీఎన్‌హైడ్రైడ్ అనే జాతిని తీసుకున్నారు. నీళ్లు తగిలితే ఇట్టే తెగే బంధాలు, కానీ నీళ్లను లోపలికి రానివ్వని జిడ్డు స్వభావం. రెండూ కలిస్తే అరుగుదల అంచు దగ్గరే జరుగుతుంది. గొలుసులో ఎక్కువ భాగం సెబాసిక్ ఆమ్లం, దాన్ని పరిశ్రమల్లో తీసేది ఆముదం నుంచి. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట చేలల్లో పెరిగే ఆముదమే, వేరే ఏదో కాదు. బిళ్ళ మూడు వారాల్లో చాలావరకు అరిగిపోతుంది. తీయడానికి మళ్లీ తల తెరవనక్కర్లేదు.

ఇక ఫలితం. తిరగబెట్టిన గ్లయోమా అనే మెదడు గడ్డ ఉన్న 222 మందికి, 27 ఆసుపత్రుల్లో, సగం మందికి మందున్న బిళ్ళలు, సగం మందికి ఉత్త పాలిమర్ బిళ్ళలు పెట్టి చూశారు. 1995లో అచ్చయిన లెక్క: మందు పడ్డవారి సగటు బతుకు (మధ్యస్థం అనాలి, బాబాయి ఒప్పుకోడు) 31 వారాలు, మిగతావారిది 23. వాటిలో అతి తీవ్రమైన గ్లయోబ్లాస్టోమా ఉన్నవారినే విడిగా చూస్తే ఆరు నెలలకు మందు లేని వర్గంలో నూటికి 64 మంది పోయారు, ఉన్న వర్గంలో 44 మంది. 1996లో అమెరికా అనుమతి ఇచ్చింది. తర్వాత, జబ్బు కొత్తగా బయటపడిన 240 మందిలో చూస్తే మందు పడ్డవారికి 13.9 నెలలు, మిగతావారికి 11.6 నెలలు.

మొదటి లెక్కలో తేడా ఎనిమిది వారాలు. ఈ అంకె దగ్గర నేను చాలాసేపు ఆగాను. పాలిమర్‌లో లోపం వెతికాను, అలవాటు కొద్దీ. దొరకలేదు. అది చేస్తానన్నదంతా చేసింది. మందును కాపాడింది, సరైన చోట పెట్టింది, వారాల తరబడి వదిలింది, తర్వాత తనంతట తాను పోయింది. మా ల్యాబ్‌లో అలాంటి గీత వస్తే సమోసాలేం సరిపోతాయి, బిర్యానీ తెప్పించాలి.

అడ్డుపడింది బిళ్ళ అంచు దాటాక. అక్కడ మందును తోసేవాళ్లెవరూ లేరు. కణాల మధ్య సందుల్లోంచి తనంతట తాను పాకుతూ పోవాలి. ఇలా పోయే దేనికైనా ఒక కఠినమైన లెక్కుంది: దూరం పది రెట్లయితే పట్టే కాలం వంద రెట్లు. ఒక మిల్లీమీటరు పోవడానికి గంట పడితే, సెంటీమీటరుకు నాలుగు రోజులు దాటుతుంది. అన్ని రోజులు దారిలో మందు బతికి ఉండాలిగా? కార్ముస్టిన్ నీళ్లలోనే పాడయ్యే రకం. దానికి తోడు ఇంకో ఇబ్బంది. ఈ మందును మెదడు జబ్బుకు ఎంచుకున్నదే కొవ్వులో కరిగే గుణం చూసి. ఆ గుణం వల్లే అది రక్తనాళాల గోడ దాటి మెదడులోకి రాగలదు. రాగలిగేది పోగలదు కూడా. బిళ్ళ నుంచి బయల్దేరిన మందు దారిలో తగిలిన ప్రతి కేశనాళికలోకీ జారి, రక్తంతో కొట్టుకుపోతుంది. మార్క్ సాల్ట్‌జ్‌మన్ లాంటి ఇంజనీర్లు ఈ లెక్కలన్నీ కట్టి చూశారు. గట్టి మోతాదులో మందు చేరేది బిళ్ళ చుట్టూ కొద్ది మిల్లీమీటర్ల మేర, గట్టిగా అంటే అర సెంటీమీటరు.

ఫోన్ చేసి చెప్పాను. బాబాయి వెంటనే ఇంకో అంకె అడిగాడు. "గడ్డ తీసేశాక మళ్లీ ఎంత దూరంలో వస్తుంది?" చాలావరకు మొదటి గడ్డ అంచు నుంచి రెండు సెంటీమీటర్ల లోపలే వస్తుంది. ఆ మాటే బిళ్ళల ఆలోచనకు పునాది, జబ్బు పక్కనే వస్తుంది కాబట్టి మందూ పక్కనే పెడదామని. "అర సెంటీమీటరుకు సరిపోయేదాన్ని రెండు సెంటీమీటర్లకు పెట్టారన్నమాట," అన్నాడు. ఈ మాట ఏ రివ్యూ పేపర్లోనూ ఇంత కురచగా నాకు కనపడలేదు.

ఆ రెండు సెంటీమీటర్లు కూడా తిరిగి కంటికి కనిపించే గడ్డ సంగతే. విడి కణాలు అప్పటికే ఎంత దూరం నడిచి ఉంటాయో తెలియాలంటే అదే హాప్కిన్స్‌లో ఇంకా వెనక్కి వెళ్లాలి. 1928లో వాల్టర్ డాండీ అనే సర్జన్, గ్లయోమా ఉన్న కొందరికి మెదడు కుడి అర్ధభాగం మొత్తం తీసేసిన సంగతి ప్రచురించాడు. అప్పటికి అంతకన్నా ఎక్కువ కోయడం ఎవరూ ఊహించలేరు. అయినా జబ్బు తిరిగొచ్చింది, రెండో వైపున. సగం మెదడు దాటిపోయిన కణాలను బిళ్ళ అందుకోలేదంటే ఆ తప్పు బిళ్ళది కాదు.

ఇవన్నీ తెలిశాక గ్లియాడెల్‌ను తీసిపారేసే వాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. "ఎనిమిది వారాలేనా" అని పెదవి విరిచేవాళ్లు మా రంగంలోనూ ఉన్నారు. 2005లో టెమోజోలమైడ్ మాత్రల పరీక్షలో తేలిన తేడా 12.1 నుంచి 14.6 నెలలకు, అంటే రెండున్నర నెలలు. దాంతో ప్రపంచమంతా వైద్య పద్ధతే మారింది, ఆ మాత్రలు ఇప్పుడు హైదరాబాద్‌లోనూ తయారవుతాయి. గ్లయోబ్లాస్టోమా ఇచ్చే గెలుపులు ఆ కొలతలోనే ఉంటాయి. పత్రికల్లో "క్యాన్సర్‌కు గురిచూసి కొట్టే బిళ్ళ" అని రాసేవాళ్ల మీద కూడా అంతే కోపం. గురి కుదిరింది, నిజమే. బాణం ఎంత దూరం పోతుందో రాయరు. బిళ్ళలతో వచ్చే చిక్కులూ రాయరు. గాయం సరిగా మానకపోవడం, మెదడు వాపు, మూర్ఛలు, కుట్ల దగ్గర మెదడు ద్రవం ఊరడం. వీటి గురించి సర్జన్లే చెప్పాలి, మా ఊగే తొట్టి చెప్పదు.

దూరం చిన్నదైన చోట ఇదే ఆలోచన ఎలా వెలుగుతుందో చూడండి. మూత్రపిండంలో మూత్రం చేరే చోటా, అక్కడి నుంచి దిగే నాళంలోనూ, లోపలి గోడకు అంటుకుని పెరిగే తక్కువ తీవ్రత క్యాన్సర్ ఒకటుంది. 2020లో అమెరికాలో దానికి ఒక జెల్ వచ్చింది. చల్లగా ఉన్నప్పుడు ద్రవం, ఒంటి వేడికి చిక్కబడుతుంది. మైటోమైసిన్ అనే పాత మందును కొన్ని గంటలు అక్కడే పట్టి ఉంచి, మూత్రంతో కరిగిపోతుంది. పరీక్షలో 71 మందికి ఇస్తే సగానికి పైగా మందిలో గడ్డ పూర్తిగా మాయమైంది. వారాలు కాదు, గంటలే. పాలిమర్‌గా చూస్తే గ్లియాడెల్ ముందు ఇది సాదాసీదా సరుకు. కానీ మందు వెళ్లాల్సింది పల్చటి పొర లోపలికి, అంతే.

మెదడులో దూరాన్ని జయించడానికి మందును తానుగా పోనివ్వకుండా, సన్నటి గొట్టాలతో ఒత్తిడి పెట్టి నెట్టే పద్ధతి 1994లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో మొదలైంది. కాగితం మీద ఎదురులేని ఆలోచన. తర్వాత ఆ పద్ధతిలో ఒక కొత్త మందును ఇచ్చి, నేరుగా గ్లియాడెల్‌తోనే పోల్చారు. బతికిన కాలంలో తేడా తేలలేదు. గొట్టం పెట్టిన చోటు, ద్రవం దారి తప్పడం, ఇంకా ఎన్నో. దూరం కూడా ఒక్క ఇంజనీరింగ్ ఉపాయంతో లొంగే రకం కాదని అర్థం చేసుకున్నాను.

ఈ చదువంతా అయ్యాక మా సమావేశాల్లో నేనో చిన్న పేచీ మొదలుపెట్టాను. ఎవరైనా గడ్డలోకే నేరుగా ఎక్కించే డిపో (మందును మెల్లగా వదిలే నిల్వ) గురించి ప్రతిపాదన తెస్తే, రిలీజ్ గీత చూడకముందు ఒక బొమ్మ గీయమంటాను. గడ్డ ఎంత, దాని అంచు ఎక్కడ, కణాలు ఎక్కడిదాకా పాకి ఉండొచ్చు, దగ్గర్లో రక్తనాళాలు ఎంత దట్టంగా ఉన్నాయి, మందు నీళ్లలో ఎంతసేపు నిలుస్తుంది. అన్నీ మిల్లీమీటర్లలో, నిమిషాల్లో. చాలా ప్రతిపాదనలు ఆ బొమ్మ దగ్గరే ఆగిపోయాయి. కుర్రాళ్లకు నా మీద కాస్త కినుక. ఒకటి రెండు మాత్రం బొమ్మ గీశాకే బాగుపడ్డాయి. మందు మార్చారు, కొవ్వులో తక్కువ కరిగేది తీసుకున్నారు. విడుదల నెమ్మదించడం కన్నా అదే ఎక్కువ ఉపయోగపడింది.

ఇప్పుడు బఫర్ తొట్టి పక్కన ఇంకో వరస పెట్టాం. 0.6 శాతం అగరోజ్ జెల్, మెదడు మెత్తదనానికి దగ్గరగా ఉంటుందని పరిశోధకులు వాడేదే. మధ్యలో డిపో పెట్టి, రంగు ఎంత దూరం పాకిందో స్కేలు పెట్టి కొలుస్తాం. కొత్తగా చేరిన పిల్లలు ఆ రంగు వలయం వెడల్పు చూసి సంబరపడతారు. పక్కనే గోడ మీద ఒక కాగితం అంటించాను: ఈ జెల్‌లో కేశనాళికలు లేవు, ఇక్కడ కొలిచిన దూరం అసలు దూరం కన్నా ఎప్పుడూ ఎక్కువే వస్తుంది.